పెరుగన్నం ఒక్కటే పెంపుడు కుక్కకు సరిపోతుందా?

గోదావరి గట్టు:
మా ఇంట్లో నాలుగేళ్ల లాబ్రడార్ ఉంది. మా అత్తగారు దానికి రెండు పూటలా పెరుగన్నం పెడతారు, ఆదివారం మాత్రం కోడికూర పులుసు కలుపుతారు. మా అబ్బాయేమో ప్యాకెట్ ఆహారం తప్ప మరేదీ పెట్టకూడదంటాడు. ఇంటి తిండితో కుక్క అవసరాలు తీరతాయో లేదో కారణాలతో చెప్పగలరని కోరుతున్నాను.

పెరటి జామ:
నాది మీ అత్తగారి పక్షం. 2013లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన ప్రకారం, పిండి పదార్థాన్ని అరిగించే అమైలేజ్ జన్యువు తోడేళ్లలో 2 ప్రతులే ఉండగా కుక్కల్లో 4 నుంచి 30 దాకా ఉన్నాయి. మనిషి పంచన చేరి, మనిషి వండుకున్నది తిని బతకడానికి అలవాటుపడిన జీవి అది. మా ఊళ్లో తరతరాలుగా గంజీ చద్దన్నమూ తిన్న కుక్కలే దొడ్లు కాపలా కాశాయి. ప్యాకెట్ ధర చూస్తే, ఈ భయమంతా ఎవరి లాభానికో అన్న అనుమానం కలగక మానదు.

గుంటూరు పశువైద్యురాలు:
పెరటి జామ గారూ, ఆ పరిశోధన నిజమే గాని, కుక్కకు అన్నం అరుగుతుందనడానికే అది ఆధారం, అన్నం చాలుననడానికి కాదు. వంద గ్రాముల అన్నంలో మాంసకృత్తులు రెండున్నర గ్రాముల పైచిలుకు, అంతే పెరుగులో మూడు, మూడున్నర గ్రాములు ఉంటాయి. రెండూ సమంగా కలిపి, నీటి బరువు తీసేసి లెక్క వేసినా 14 శాతం దగ్గరే ఆగుతుంది. అమెరికాలో పశువుల దాణాకు ప్రమాణాలు నిర్ణయించే ఆఫ్కో సంస్థ ఎదిగిన కుక్కకు కనీసం 18 శాతం, ఎదిగే పిల్లకు 22.5 శాతం ఉండాలంటుంది. అన్నంతో సమానంగా పెరుగు వేసే ఇల్లు ఎక్కడైనా ఉందేమో, నేను మాత్రం చూడలేదు.

పెరుగును నేను తప్పుపట్టడం లేదు. అది కాల్షియం ఇస్తుంది, పాలకన్నా తేలిగ్గా అరుగుతుంది. లోటంతా జింకు, ఇనుము, విటమిన్ డి వంటి వాటిలో ఉంది. మనలాగా ఎండ సాయంతో చాలినంత విటమిన్ డి తయారుచేసుకునే శక్తి కుక్క చర్మానికి లేదు కాబట్టి అది తిండిలోనే అందాలి. ఊరి కుక్కలు గంజితో ఆగేవి కావు. ఎలుకలు, చేప తలకాయలు, మాంసం కొట్టు దగ్గర పారేసిన ముక్కలు, దొరికిందల్లా తినేవి. గేటు లోపల పెరిగే కుక్కకు ఆ అవకాశం లేదు.

పులుసు విషయం ఇంకా ముఖ్యం. ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. ఉడికించినంత మాత్రాన ఆ గుణం పోదు.

పెరటి జామ:
లోటు మాంసకృత్తులదైతే గుడ్డో కోడిమాంసమో చేర్చవచ్చు కదా? కొన్ని ప్యాకెట్ ఆహారాలకూ కుక్కల గుండె జబ్బుకూ సంబంధం ఉందేమోనని 2018లో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ విచారణ మొదలుపెట్టిన సంగతి మీకు తెలియనిది కాదు.

గుంటూరు పశువైద్యురాలు:
తెలుసు. ఆ విచారణ ప్రధానంగా ధాన్యం లేకుండా బఠాణీలు, పప్పులు ఎక్కువగా వేసిన రకాల మీద జరిగింది. అవే కారణమని తేల్చడానికి ఉన్న సమాచారం చాలదని 2022 చివర ఆ సంస్థే చెప్పింది. దాన్ని అన్ని ప్యాకెట్లకూ అంటగట్టడం న్యాయం కాదు, అలాగని ప్యాకెట్‌లో ఉన్నదల్లా మంచిదని నేనూ అనను. సంపూర్ణ సమతుల ఆహారమని, ఏ వయసు కుక్కకని రాసి ఉందో లేదో చూసి కొనాలి.

గుడ్డు చేర్చడం మంచిదే. మాంసంలో మాత్రం భాస్వరం ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ కాబట్టి పెరుగు తగ్గించి మాంసం పెంచుకుంటూ పోతే ఎముకలు బలహీనపడతాయి. దానికి విరుగుడుగా ఉడికిన ఎముకలు వేస్తే అవి చీలి పేగుల్లో గుచ్చుకుంటాయి. ఇంట్లోనే వండాలనుకుంటే ఖనిజాలు, విటమిన్ల మిశ్రమం ఎంత కలపాలో వైద్యుల చేత నిర్ణయింపజేసుకోవాలి. అది కుదరకపోతే ప్యాకెట్ ఆహారమే ప్రధానంగా పెట్టి, రోజు మొత్తంలో పదో వంతు మించకుండా పెరుగన్నం పెట్టవచ్చు.

సీతమ్మధార:
ఏది పెట్టాలన్న వాదంలో ఎంత పెట్టాలన్నది మరుగున పడుతోంది. లాబ్రడార్లలో దాదాపు నాలుగో వంతుకు ఆకలిని అదుపుచేసే ఒక జన్యువులో లోపం ఉందని 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు గుర్తించారు. ఎంత తిన్నా ఇంకా కావాలన్నట్టు అవి చూసే చూపుకు కరగని అత్తగారు ఉండరు. 2002లో వెలువడిన మరో అధ్యయనంలో 48 లాబ్రడార్లలో సగానికి జీవితాంతం పావు వంతు తక్కువ తిండి పెడితే, అవి మిగతా వాటికన్నా సగటున దాదాపు రెండేళ్లు ఎక్కువ కాలం బతికాయి. చెయ్యి వేసి నిమిరితే పక్కటెముకలు తగలాలి. తగలకపోతే తగ్గించాల్సిందే.

గోదావరి గట్టు:
ఉల్లి, వెల్లుల్లి పడిన పులుసు మానేయడానికి అత్తగారు ఒప్పుకున్నారు. పెరుగన్నం పూర్తిగా మానడానికి మాత్రం ససేమిరా అన్నారు. మా కుక్క 30 కిలోలుంది. పదో వంతంటే ఎంతో చెప్పగలరా?

గుంటూరు పశువైద్యురాలు:
ఆ బరువున్న కుక్కకు రోజుకు సుమారు 1,250 నుంచి 1,400 కిలోక్యాలరీలు కావాలి. 70 గ్రాముల అన్నం, 50 గ్రాముల పెరుగు కలిపితే 120 దాకా వస్తాయి. ఉప్పు వేయవద్దని, అంత మేరకు ప్యాకెట్ ఆహారం తగ్గించమని అత్తగారికి చెప్పండి.