సమస్యాపూరణం: గణితమునకుఁ గవిత కన్నతల్లి

నిర్వాహకుడు, విజయనగరం:
ఈ వారం సమస్య ఆటవెలది నాలుగో పాదం. కవితకూ గణితానికీ గల చుట్టరికం ఏమిటో మొదటి మూడు పాదాల్లో తేలాలి.

గజపతినగరం సభ్యుడి పూరణ:
మల్లనార్యుఁ డొసఁగె మధురమై తెనుగున
లెక్కలెల్లఁ బద్యరూపుఁ గూర్చి
బాలు రెల్ల వాని వల్లెవేసిరి గాదె
గణితమునకుఁ గవిత కన్నతల్లి

నిర్వాహకుడు:
ధార బాగుంది. రెండో పాదంలో 'లె'కు 'రూ' యతి చెల్లదు. 'పద్యలీలఁ గూర్చి' అంటే సరిపోతుంది. నా అసలు అభ్యంతరం భావం మీద. పావులూరి మల్లన తెలుగు పద్యాల్లోకి తెచ్చినది మహావీరాచార్యుడి సంస్కృత గణితాన్ని కనుక, ఆ లెక్కలు ఈ పద్యాలకు ముందే ఉన్నాయి. ఇక్కడ కవిత బిడ్డను ఎత్తుకుని పెంచిన దాది అవుతుంది గాని కన్నతల్లి కాదు.

ఆమదాలవలస సభ్యురాలి పూరణ:
పాదమందు నెన్ని పద్ధతుల్ గలవంచు
గురువు లఘువు మార్చి కూర్చి చూచి
పింగళుండు తొల్లి పేర్చె సూత్రములను
గణితమునకుఁ గవిత కన్నతల్లి

నరసన్నపేట సభ్యుడు:
ఇందులో గణితం కానుపు కనబడుతోంది. పింగళుడు ప్రాచీన సంస్కృత ఛందశ్శాస్త్రకర్త; పాదంలో గురులఘువులను ఎన్ని విధాల పేర్చవచ్చన్నదే ఆయన ప్రశ్న. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు. నాలుగు మాత్రలను రెండు గురువులుగా ఒక విధంగా, ఒక గురువు రెండు లఘువులుగా మూడు విధాలుగా, నాలుగు లఘువులుగా ఒక విధంగా, మొత్తం 5 విధాలుగా పేర్చవచ్చు. ఐదు మాత్రలకు 8, ఆరింటికి 13. ప్రతి సంఖ్యా తన ముందున్న రెండింటి మొత్తం. జైన పండితుడు హేమచంద్రుడు 1150 ప్రాంతంలో ఛందస్సు కోసమే ఈ వరుసను చెప్పాడు. ఇదే వరుసను చెప్పిన ఇటలీ గణితవేత్త ఫిబొనాచ్చి గ్రంథం 1202 నాటిది.

నిర్వాహకుడు:
గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో చరిత్ర బోధిస్తూ, శ్రీముఖలింగం ఆలయ శాసనాలు చదవడానికి పాత లిపులను సొంతంగా నేర్చుకున్నారు. చరిత్రలో పుట్టిన ప్రశ్న ఆయనను లిపిశాస్త్రం గుమ్మంలోకి నడిపించినట్లే, ఛందస్సులో పుట్టిన ప్రశ్న పింగళుణ్ణి గణితంలోకి నడిపించింది. నేను వెదికే చుట్టరికం ఇదే.

గజపతినగరం సభ్యుడు:
నా పూరణపై విమర్శను అంగీకరిస్తున్నాను. అయితే యజ్ఞవేదికల కొలతల్లో పెరిగిన జ్యామితికి కవిత తల్లి కాదు కదా? 'గణితమునకు' అని మొత్తానికీ చెప్పడం అతివ్యాప్తి దోషం.

ఆమదాలవలస సభ్యురాలు:
న్యాయమైన మాట. ప్రస్తారాలను, అంటే గురులఘువుల పేర్పులను, ఎంచే గణితానికే పరిమితమయ్యేలా మూడో పాదాన్ని సవరిస్తున్నాను:
పింగళుండు చూపెఁ బేర్మితో, నీ యెంచు
గణితమునకుఁ గవిత కన్నతల్లి