గాలిమరలు రాకముందే గీత గీసుకోవాలా? విశాఖ–భీమిలి తీర దృశ్యంపై చర్చ

తీరవాసి (చర్చ ప్రారంభం):

గతవారం ఇక్కడ కరెంటు కొరత గురించి మాట్లాడుకుంటున్నప్పుడు, సముద్రం కనబడాలన్నది బీచ్‌రోడ్డు అపార్ట్‌మెంట్ల వారి ముచ్చట మాత్రమేనని, దాని కోసం గాలిమరలను వద్దనడం అన్యాయమని ఒక సభ్యులు రాశారు. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. అందుకే దీన్ని విడిగా చర్చకు పెడుతున్నాను.

2024 జూన్‌లో కేంద్ర మంత్రివర్గం సముద్ర పవన విద్యుత్తుకు ఆమోదించిన 7,453 కోట్ల రూపాయల పథకం గుజరాత్, తమిళనాడు తీరాల్లో చెరో 500 మెగావాట్లకే పరిమితమైంది. అందులో మన తీరం లేదు. అయితే నేల మీద 120 మీటర్ల ఎత్తులో మన రాష్ట్రానికి సుమారు 75 గిగావాట్ల (అంటే 75 వేల మెగావాట్ల) పవన సామర్థ్యం ఉందని జాతీయ పవన శక్తి సంస్థ లెక్కగట్టింది, దేశం 2030 నాటికి శిలాజేతర (బొగ్గు, చమురు, గ్యాసు వాడని) విద్యుత్తును 500 గిగావాట్లకు చేర్చాలని లక్ష్యం పెట్టుకుంది. ఇంత పెద్ద లెక్క ముందున్నప్పుడు ఇటు కొండల మీదికో, అటు నీళ్లలోకో ఎవరి చూపూ పడదని ధీమాగా ఉండలేం.

దృశ్యం విలాసం కాదని నాకు నేర్పింది హుద్‌హుద్. 2014 అక్టోబరు 12న తుపాను తీరం దాటిన మర్నాడు మేడ ఎక్కి చూస్తే, పుట్టినప్పటి నుంచి పచ్చగా కనబడిన కొండలు ఒక్క రాత్రిలో మోడువారి, మంట తగిలినట్టు గోధుమరంగుకు తిరిగాయి. కరెంటు లేదు, నీళ్లు లేవు, ఫోన్లు పలకడం లేదు. అయినా మా వీధిలో రిక్షా తొక్కే పెద్దాయన మొదట అన్నది కొండ బోసిపోయిందనే. ఆయనకు బీచ్‌రోడ్డులో అపార్ట్‌మెంటు లేదు.

నన్ను అసలు కలవరపెడుతున్నది చట్టంలో ఉన్న ఖాళీ. నేల మీద నెలకొల్పే పవన విద్యుత్ ప్రాజెక్టులు 2006 నాటి పర్యావరణ ప్రభావ మదింపు నోటిఫికేషన్ జాబితాలో లేవు, అంటే ఆ నోటిఫికేషన్ ప్రకారం జరగవలసిన ప్రజాభిప్రాయ సేకరణ వీటికి వర్తించదు. కేంద్ర రక్షిత స్మారకాల చుట్టూ 100 మీటర్ల నిషిద్ధ ప్రాంతం, ఆపైన మరో 200 మీటర్ల నియంత్రిత ప్రాంతం ఉంటాయి, కానీ 200 మీటర్ల ఎత్తున్న స్తంభం కిలోమీటరు అవతల లేచినా స్మారకం వెనుక ఆకాశాన్ని ఆక్రమిస్తుంది. చట్టం దూరాన్ని కొలుస్తుందే తప్ప చూపును కొలవదు. అందుకే ఏ ప్రతిపాదనా రాకముందే, ఎవరి డబ్బూ ఇరుక్కోకముందే, ఏ దృశ్యాలను ముట్టుకోకూడదో గుర్తించే పటం ఒకటి ప్రజల ఎదుట తయారు కావాలని నా వాదన.

పాతపట్నం:

తీరవాసి గారూ, మీ ఆవేదన అర్థమైంది, కానీ పటంతో నేను ఏకీభవించలేను. మా ఇంటికి దగ్గర్లో ఒక బొగ్గు నిల్వ ఉండేది. మా అమ్మ మేడ మీద తెల్ల చీర ఆరేస్తే, సాయంత్రానికి మడతల మధ్య నల్లటి గీతలు కనబడేవి. వడియాలు ఎండబెట్టుకోవడం మా వీధిలో ఎప్పుడో మానేశారు. పరవాడ దగ్గర 2,000 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రం ఉంది, దాని పొగగొట్టాలు మైళ్ల దూరం నుంచి కనబడతాయి. వాటిని చూసి దృశ్యం పాడైందని మనం ఎప్పుడూ చర్చ పెట్టుకోలేదు. అలవాటైన వికారం మన కంటికి ఆనదు. కొత్తగా వచ్చేది ఎంత శుభ్రమైనదైనా కంట్లో నలుసు అవుతుంది.

దృశ్యం పేరుతో ఏం జరుగుతుందో అమెరికాలో చూశాం. మసాచుసెట్స్ తీరంలో నాంటకెట్ జలసంధిలో 130 గాలిమరలతో కేప్ విండ్ అనే ప్రాజెక్టును 2001లో ప్రతిపాదించారు. తీరంలో విడిది ఇళ్లున్న సంపన్నులు కోర్టుల చుట్టూ తిప్పారు, చివరకు 2017లో దాన్ని విరమించుకున్నారు. పదహారేళ్లు! మీరు గీయాలంటున్న పటం రేపు ఎవరి చేతిలో ఆయుధమవుతుందో ఆలోచించండి. మీ రిక్షా పెద్దాయన కోర్టుకు వెళ్లడు, సముద్రం కనబడుతుందని చెప్పి ఫ్లాటు అమ్మినవాడు వెళతాడు.

సీమబిడ్డ:

నేను అనంతపురం జిల్లావాణ్ని, ఉద్యోగరీత్యా విశాఖలో పన్నెండేళ్లుగా ఉంటున్నాను. మీ ఇద్దరి వాదనలోనూ మా ఊరు కనబడలేదు గనుక రాయవలసి వచ్చింది.

రాష్ట్రంలో ఇప్పటికే నాలుగు వేల మెగావాట్లకు పైగా పవన విద్యుత్ కేంద్రాలున్నాయి, అవన్నీ దాదాపుగా రాయలసీమ గుట్టల మీదే ఉన్నాయి. మా ఊళ్లో వాటిని ఫ్యాన్లు అంటారు. మా చేను పక్క గుట్ట మీద మొదటి ఫ్యాను నిలబెట్టినప్పుడు నాకు గుర్తున్నది స్తంభం కాదు, దానికోసం వేసిన దారి. రెక్క ఒక్కోటి యాభై మీటర్లు దాటి పొడవుంటుంది, అది మలుపు తిరగాలంటే మామూలు దారి చాలదు, కాబట్టి గుట్ట నడుం మీద ఎర్రటి గాయం పడింది. గొర్రెలు దిగే బాట తెగిపోయింది, వానొస్తే ఆ దారి వెంట మట్టి కొట్టుకువచ్చి కింది చేలలో మేట వేసేది. పొద్దు వాలేటప్పుడు రెక్కల నీడలు వేరుశనగ చేను మీదుగా, ఆ తర్వాత మా వాకిట్లోంచి, మళ్లీ మళ్లీ దాటిపోతుండేవి. మా అవ్వ మంచం గోడ అవతలి వైపుకు మార్చుకుంది. జూన్ నుంచి సెప్టెంబరు దాకా, పడమటి గాలి తిరిగిన రాత్రుల్లో, ఎవరో దూరంగా బట్టలు ఉతుకుతున్నట్టు ఆగకుండా ఒకే చప్పుడు.

అయితే స్థలమిచ్చిన రైతులకు డబ్బు వచ్చింది, కాపలా ఉద్యోగాలు కొందరికి వచ్చాయి, కరువు ప్రాంతంలో అది చిన్న విషయం కాదు. నేను గాలిమరలకు విరోధిని కాను. నా ప్రశ్న ఒక్కటే. మా గుట్టలకు పటం గీయమని ఎవరూ అడగలేదు. మా దగ్గర తయారైన కరెంటు గ్రిడ్డులో కలిసి మీ బీచ్‌రోడ్డు దీపాలకూ వస్తుంది. అందమైన తీరమున్న ఊరికి పటం, ముళ్లకంపలున్న ఊరికి ఫ్యాన్లు అన్నది న్యాయమేనా? మా అవ్వకు ఆ గుట్టే కైలాసగిరి.

లెక్కల మాస్టారు:

కొంచెం కొలతల్లో మాట్లాడుకుంటే మంచిదనిపిస్తోంది. చేయి చాచి, కంటికి 60 సెంటీమీటర్ల దూరంలో ఒక స్కేలు పట్టుకోండి. రెక్క కొసతో కలిపి 200 మీటర్ల ఎత్తున్న గాలిమర 4 కిలోమీటర్ల దూరంలో ఉంటే స్కేలు మీద 3 సెంటీమీటర్లు ఆక్రమిస్తుంది, 10 కిలోమీటర్లలో 1.2 సెంటీమీటర్లు, 40 కిలోమీటర్లలో 3 మిల్లీమీటర్లు. ఇసుక మీద నిలబడిన మనిషికి దిగంతం సుమారు 5 కిలోమీటర్లలోనే ఉంటుంది, నూరు మీటర్ల ఎత్తున్న కొండ మీద నిలబడితే 36 కిలోమీటర్ల దాకా జరుగుతుంది. కాబట్టి తీరంలో కంటే కొండ మీది చూపుకే ఎక్కువ తేడా తెలుస్తుంది. సముద్రగర్భంలో పునాది వేసి నిలబెట్టే గాలిమరలు సుమారు 60 మీటర్ల లోతు వరకే సాధ్యం, మన తీరంలో నీళ్లు త్వరగా లోతవుతాయి గనుక అలాంటివి వస్తే ఒడ్డుకు దగ్గరగానే రావలసి ఉంటుంది. చూపును కాపాడాలనేవారు దీన్ని ముందుగానే తెలుసుకోవాలి.

జాలరి ఇంటివాడు:

మీరందరూ ఒడ్డు మీద నిలబడి సముద్రంలోకి చూస్తూ మాట్లాడుతున్నారు. నేను సముద్రంలో నిలబడి ఒడ్డువైపు చూసిన మాట చెబుతాను.

మా నాన్న తెప్ప మీద వేటకు వెళ్లిన రోజుల్లో చేపలుండే చోటును కొండలతో గుర్తు పెట్టుకునేవారు. ఒడ్డున ఉన్న ఒక తాటిచెట్టును గానీ గుడిని గానీ వెనకనున్న కొండ కొమ్ముతో ఒకే వరుసలోకి వచ్చేదాకా తెప్పను నడిపేవారు. తర్వాత మరో దిక్కున అలాంటిదే ఇంకో జత చూసుకునేవారు. రెండు వరుసలూ కలిసిన చోట వల వేయాలి. ఇటు యారాడ కొండ, దాని మీది దీపస్తంభం, మధ్యలో కైలాసగిరి, వెనక సింహాచలం కొండల వరుస, అటు భీమిలి దగ్గర పావురాలకొండ. మా ఇంట్లో ఆస్తి పంపకంలా ఈ గుర్తులు తండ్రి నుంచి కొడుక్కి వచ్చేవి, పొరుగువాడికి చెప్పేవారు కాదు. నాకు పదేళ్లున్నప్పుడు మా నాన్న నా గడ్డం పట్టుకుని తల తిప్పి, "చెట్టు కొండ వెనక్కి పోయింది సూడు, మనం దాటేశాం" అనడం ఇప్పటికీ చెవిలో ఉంది.

ఇప్పుడు పడవల్లో జీపీఎస్ ఉంది, నిజమే. అయినా బ్యాటరీ అయిపోయిన రోజున, మంచు పట్టి కొండ పై అంచు ఒక్కటే కనబడే తెల్లవారుజామున, మేం నమ్మేది ఆ అంచునే. ఊళ్లో మేడలు పెరిగి ఒడ్డు గుర్తులు చాలావరకు ఎప్పుడో పోయాయి. సముద్రం వైపు నుంచి తీరం దృశ్యాన్ని చెరిపేసింది ముందుగా గాలిమరలు కావు, అపార్ట్‌మెంట్లే. అప్పుడు చర్చలు పెట్టినవారు తక్కువ.

గాలిమరల మాటకొస్తే నా అభిప్రాయం ఇంకోలా ఉంది. కొండ కొమ్మున ఒక స్తంభం నిలబడితే మాకు కొత్త గుర్తు దొరుకుతుంది, అది నష్టం కాదు. వరుసగా యాభై నిలబడితే ఏది ఏదో తేలదు, గుర్తు పోతుంది. నీళ్లలోనే పాతితే అసలు చూపు ప్రశ్నే కాదు, వల వేసే చోటు ప్రశ్న. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం ఎలాగూ ఉంటుంది, మిగిలిన రోజుల్లో తీరానికి దగ్గర నీళ్లే చిన్న పడవలకు అన్నం. పటం గీస్తామంటే మమ్మల్ని పక్కన కూర్చోబెట్టుకుని గీయండి.

తీరవాసి:

జాలరి ఇంటివాడు గారూ, ఇరవై ఏళ్లుగా సాయంత్రం పూట ఆ ఒడ్డున నడుస్తున్నాను, ఒక్కసారి కూడా అటు నుంచి ఇటు చూడాలని నాకు తోచలేదు. నా మొదటి టపాలో పటం అన్నప్పుడు నా మనసులో ఉన్నవి ఎర్రమట్టి దిబ్బలు, పాత బౌద్ధ విహారమున్న తొట్లకొండ, భీమిలి దారి. ఇప్పుడు ఆ పటం సగమేనని ఒప్పుకుంటున్నాను.

సీమబిడ్డ గారి ప్రశ్నకు నేను తప్పించుకునే జవాబు చెప్పను. పటం విశాఖకు మాత్రమే అయితే అది అన్యాయమే. ప్రతి జిల్లాలో, అక్కడివారు చెప్పిన గుట్టలతో, గొర్రెల బాటలతో, వాకిళ్లతో సహా గీయాలి. ఇప్పటికే గాలిమరలు నిలబడిన ఊళ్లలోనైనా నీడలు ఇళ్ల మీద పడకుండా ఉండే దూరాన్ని ఇకమీదట నియమంగా పెట్టాలి.

పాతపట్నం గారి భయం గురించి. కేప్ విండ్ కథ నిజమే, కానీ అక్కడ గొడవ ప్రతిపాదన వచ్చాక మొదలైంది. ముందే అడిగిన చోట ఏమైందో కూడా చూడండి. డెన్మార్క్‌లో కోపెన్‌హాగన్ ఎదుట మిడ్డెల్‌గ్రుండెన్ అనే చోట, నగరానికి మూడున్నర కిలోమీటర్ల దూరంలో, మొదట 27 గాలిమరలను మూడు వరుసల్లో పెట్టాలనుకున్నారు. ప్రజలతో సంప్రదించాక వాటిని 20కి తగ్గించి, నగరపు పాత కోటల వలయాన్ని తలపించేలా ఒకే వంపు గీతలో నిలబెట్టారు. 2000లో అవి తిరగడం మొదలైంది. అందులో సగం వాటా వేలమంది సాధారణ పౌరుల సహకార సంఘానిది. చూపు గురించి ముందే మాట్లాడుకోవడం అక్కడ ప్రాజెక్టును ఆపలేదు, దాని రూపాన్ని మార్చింది. మీ అమ్మగారి చీర మీద నల్ల గీతలు పోవాలని నేనూ కోరుకుంటున్నాను.

కొన్ని చోట్ల మాత్రం నేను వెనక్కి తగ్గను. ఎర్రమట్టి దిబ్బలను భారత భూగర్భ సర్వేక్షణ సంస్థ జాతీయ భూవారసత్వ స్థలంగా గుర్తించింది. వేల ఏళ్లుగా గాలి, సముద్రపు ఎత్తుపల్లాలు, వాన కలిసి పేర్చిన, కోసిన ఇసుక అది, పలుగు వేస్తే తిరిగి పేర్చగలిగేది కాదు. అక్కడ స్తంభమే కాదు, సీమబిడ్డ గారు చెప్పినలాంటి దారి కూడా పడకూడదు. తొట్లకొండ మీద, రాతిలో తొలిచిన నీటి తొట్ల పక్కన నిలబడి భిక్షువులు చూసిన సముద్రాన్నే ఈనాటికీ మనం చూడగలుగుతున్నాం, ఆ తూర్పు దిక్కును ఖాళీగా వదిలేయాలి. మిగతా తీరంలో ఎక్కడైనా, ఎన్ని అన్నదానికి నేను చర్చకు సిద్ధం.

పాతపట్నం:

ఆ రెండు చోట్ల విషయంలో నాకూ అభ్యంతరం లేదు. అయితే పటంలో ప్రతి దృశ్యానికీ అది ఎవరు, ఏ పని కోసం, ఎక్కడ నిలబడి చూస్తున్నారో రాయాలి. బాల్కనీ నుంచి అని రాసినవాటిని నేను వ్యతిరేకిస్తాను.

జాలరి ఇంటివాడు:

తీరవాసి గారూ, వేట నిషేధం ముగిశాక మొదటి వారంలో రండి. తెల్లవారుజామున మూడున్నరకు బయలుదేరతాం, వెలుగు వచ్చేసరికి కొండలన్నీ ఒకే వరుసలో కనబడే చోట ఉంటాం. మా నాన్నకు చూపు మందగించింది గానీ గుర్తులన్నీ నోటికి ఉన్నాయి. ఆయన చెబుతుంటే రాసుకోవడానికి ఒక పుస్తకం తెచ్చుకోండి.