జీతాలూ పన్నులూ పొగాకుతోనా? వర్జీనియా లెక్క ఎలా కుదిరింది?

బ్రాడీపేట_గ్రూప్స్:
వర్జీనియా పొగాకంటే గుంటూరులో తెలియనివాళ్లు లేరు. ఆ పేరిచ్చిన, అమెరికాలోని ఇంగ్లీషు వలసలో పన్నులు కూడా పొగాకుతోనే కట్టేవారట. ఒక ఆకు మేలుగా ఉంటుంది, ఇంకోటి కుళ్లిపోతుంది. అది డబ్బుగా ఎలా చెల్లింది? ధర ఎవరు కట్టేవారు?

పాతదస్తావేజు:
మొదట్లో పెత్తనం కంపెనీది. 1611లో మన బందరులో దిగిన ఈస్టిండియా కంపెనీలాగే వర్జీనియా కంపెనీ కూడా లండన్ వాటాదారులదే. 1607లో జేమ్స్‌టౌన్ కట్టారు. బంగారం దొరకలేదు. జాన్ రాల్ఫ్ అనే వలసదారు 1612 ప్రాంతంలో వెస్టిండీస్ పొగాకు విత్తనం వేశాకే అమ్ముకోవడానికి సరుకంటూ దొరికింది.

1619 జులై 30న తొలి సభ కూడింది. 11 స్థావరాల నుంచి 22 మంది ప్రతినిధులొచ్చారు. ధర కట్టింది ఆ సభే: మేలురకం పౌను బరువుకి 3 షిల్లింగులు (షిల్లింగంటే 12 పెన్నీలు), రెండో రకానికి 18 పెన్నీలు. సభ గుమస్తా, బంట్రోతుల ఖర్చుకి 16 ఏళ్లు దాటిన మగవాళ్ల నుంచి తలకొక పౌను పొగాకు వసూలు. 1624లో కంపెనీ పట్టా రద్దయి వలస రాజుగారి చేతికి పోయింది, సభ మాత్రం నిలిచింది.

వేలంపాట:
కట్టిన ధర నిలవలేదండీ. దారిఖర్చు పెట్టి మనిషిని తెస్తే తలకి 50 ఎకరాలు ఇచ్చేవారు. అందరూ కూలీల్ని, తర్వాత బానిసల్ని దింపి పొగాకే వేశారు. 1630 నాటికి పౌను ఒక పెన్నీ దరిదాపులకి పడింది. పైగా మంచి ఆకు ఓడకి, చెత్త ఆకు పన్నుకి! చెత్తతోనూ బాకీ తీరుతుంటే మంచిది ఎవడిస్తాడు?

దీనికి విరుగుడు 1730 తనిఖీ చట్టం. పొగాకు పీపాలన్నీ సర్కారు గిడ్డంగికి రావాలి. ఇన్‌స్పెక్టర్లు విప్పి చూస్తారు, పనికిరానిది తగలబెడతారు, మిగతాదానికి చీటీ రాసిస్తారు. పన్నుకీ బాకీకీ ఆ చీటీయే చెల్లేది. ఆకు మోయక్కర్లేదు.

బ్రాడీపేట_గ్రూప్స్:
పంట పోయి ధర ఎగబాకితే?

పాతదస్తావేజు:
1758లో అదే జరిగింది. పాదిరీల జీతం ఏడాదికి 16,000 పౌన్ల పొగాకు. ధర పెరిగేసరికి, పౌనుకి 2 పెన్నీల లెక్కన నగదు ఇస్తే చాలని సభ చట్టం చేసింది. రాజు కొట్టేశాడు. బకాయి కోసం ఒక పాదిరీ దావా వేస్తే, అతనికి ఎదురు వాదించిన లాయరు పాట్రిక్ హెన్రీ మాట విన్న జ్యూరీ 1763లో పరిహారంగా ఒక్క పెన్నీ ఇప్పించింది.

వేలంపాట:
ఒక్క మాట. అప్పటి ఆకుని మన బ్యారన్ (ఆకుని వేడితో ఆరబెట్టే కొట్టం) ఆకుతో పోల్చకండి. గొట్టాల వేడితో ఆకుని పసుపుపచ్చగా ఆరబెట్టడం 19వ శతాబ్దపు పద్ధతి.