గుజరాత్‌లో చదివొచ్చిన పిల్లాడు ఇక్కడ లోకల్ అవుతాడా? సీటుకి ఎవరికి ఏ కాగితాలు కావాలి?

సోంపేట మావయ్య
మా చెల్లీ బావగారూ వేరావల్‌లో ఉంటారు. మా తీరం నుంచి బోటు పనికి అక్కడికి వలస పోయే కుటుంబాల సంగతి అందరికీ తెలిసిందే. మేనల్లుడు 8 దాకా అక్కడే గుజరాతీ మీడియం. 9, 10 మా ఊరి జిల్లా పరిషత్ హైస్కూల్లో, ఇంటర్ ఎంపీసీ శ్రీకాకుళంలో. ఎంసెట్ (ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష, ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు) ర్యాంకు పర్లేదు. వాడబలిజలం, బీసీ-ఏ. ఇప్పుడు నెట్ సెంటరాయన "6 నుంచి స్టడీ సర్టిఫికెట్లు అడుగుతారు, మూడేళ్లు బయట చదివాడు కాబట్టి నాన్‌లోకల్" అన్నాడట. చెల్లి ఫోన్లో ఒకటే ఏడుపు. ఇలాంటి కేసు చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

రాజాం మాస్టారు
ఏడవొద్దని చెప్పండి ముందు. మీవాడు లోకలే, లోకల్ వాళ్లకి కేటాయించే సీట్లకి అర్హుడే.

చూసేది ఇంటర్ రెండో ఏడాదితో ముగిసే వరుస నాలుగేళ్లు. అంటే 9, 10, ఇంటర్ రెండేళ్లు. ఆ నాలుగూ ఆంధ్రా యూనివర్సిటీ ఏరియాలో చదివితే ఏయూ లోకల్, అంతకుముందు ఎక్కడ చదివినా సరే. ఏయూ ఏరియా అంటే విశాఖ చుట్టుపక్కలే అనుకుంటారు చాలామంది. కాదు, పాత ఉమ్మడి జిల్లాల్లో శ్రీకాకుళం నుంచి ప్రకాశం దాకా ఎనిమిదీ అందులోవే. నెల్లూరు, చిత్తూరు, సీమ జిల్లాలు ఎస్వీయూ (శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీ) ఏరియా. అందుకే మన పిల్లలు విజయవాడ, గుంటూరు హాస్టళ్లలో ఇంటర్ చదివినా లోకల్ పోదు.

మరి 6 నుంచి సర్టిఫికెట్లు ఎందుకు అడుగుతారంటే, నాలుగేళ్ల లెక్క కుదరనివాళ్లకి ఏడేళ్ల లెక్క చూస్తారు. ఉదాహరణకి 10 దాకా బొబ్బిలిలో చదివి ఇంటర్‌కి తిరుపతి వెళ్లిన పిల్ల. నాలుగేళ్లూ ఒకే ఏరియాలో లేవు. అప్పుడు రాష్ట్రంలో చదివిన వరుస ఏడేళ్లలో ఎక్కువ కాలం ఎక్కడో చూస్తారు. అయిదేళ్లు ఇటు, రెండేళ్లు అటు, కాబట్టి ఆ పిల్ల ఏయూ లోకలే. ఇదంతా రాజ్యాంగం 371-డి కింద వచ్చిన ఉత్తర్వు, ఏ కాలేజీ సొంతంగా పెట్టుకున్న రూలు కాదు.

పాతపట్నం కుర్రాడు
మాస్టారు చెప్పింది నిజం. నా కేసు మాత్రం తిరగబడింది. మాకు ఒడిశాలోని పర్లాకిమిడి పక్కనే కదా, 10 దాకా అక్కడే చదివాను. ఇంటర్ టెక్కలిలో. నాలుగేళ్లు కుదరవు, రాష్ట్రంలో ఏడేళ్లూ కుదరవు. పుట్టిందీ పెరిగిందీ ఆంధ్రాలోనే, ఇల్లు ఆంధ్రాలోనే, రేషన్ కార్డు ఆంధ్రాలోనే. అయినా నాన్‌లోకల్!

అయితే దారి మూసుకుపోలేదు. 85 శాతం సీట్లు లోకల్ వాళ్లకి పోగా మిగిలిన 15 శాతానికి పోటీ పడొచ్చు. దానికి కూడా ఆధారం చూపాలి: అమ్మానాన్నల్లో ఒకరు రాష్ట్రంలో మొత్తం పదేళ్లు నివాసం ఉన్నట్టు తహసీల్దార్ ఇచ్చే సర్టిఫికెట్. సచివాలయంలో అప్లై చేస్తే వీఆర్వో విచారణ ఉంటుంది, పాత ఇంటి పన్ను రసీదులు, ఓటరు కార్డు పట్టుకెళ్తే పని తేలిక. ఇంకో సంగతి, ఆ 15 శాతంలో లోకల్ వాళ్లూ ఉంటారు, మనకోసం పక్కన పెట్టినవి కావు. కాబట్టి ఆప్షన్లు ఎక్కువ పెట్టుకోవాలి. నేను మొదటి విడతలోనే సీటు తెచ్చుకున్నాను, బ్రాంచి మాత్రం కోరుకున్నది కాదు.

సోంపేట మావయ్య
మాస్టారూ, మీ మాటతో ఇంట్లో ఇవాళ అన్నాలు తిన్నాం. తమ్ముడూ, నీకూ థాంక్స్.

కవిటి కొబ్బరి
మావయ్యగారూ, 10వ తరగతి మెమోలో పేరు ఎలా పడిందో ఒకసారి చూడండి. మా అన్నయ్య పిల్లలూ గుజరాత్ నుంచే వచ్చారు. అక్కడి బళ్లలో పిల్లాడి పేరుతో పాటు తండ్రి పేరు కూడా రాస్తారు. ఆ టీసీ చూసి ఇక్కడ 9లో అలాగే రాసుకున్నారు. మెమోలో అబ్బాయి పేరు మధ్యలో నాన్న పేరు వచ్చి కూర్చుంది. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, అబ్బాయి పేరు తర్వాత. కుల సర్టిఫికెట్ ఆధార్ ప్రకారం వస్తుంది, ర్యాంకు కార్డు మెమో ప్రకారం వస్తుంది. కౌన్సెలింగ్ పోర్టల్‌లో రెండూ కలవక "పెండింగ్" అని చూపించింది.

మెమో మార్పించడం పెద్ద తలనొప్పి. ఆధార్‌నే మెమో ప్రకారం మార్పించి, తర్వాత కుల సర్టిఫికెట్ కొత్తగా తీసుకున్నాం. ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం జన్మలో రెండుసార్లే, స్పెల్లింగ్ అక్షరం అక్షరం చూసి ఇవ్వండి.

చీపురుపల్లి అక్క
నాది వేరే గోల. ఇంటర్ అయ్యాక పెళ్లయిపోయింది, ఇప్పుడు డిగ్రీ చేద్దామని. మధ్యలో ఇన్నేళ్లు గ్యాప్ కదా, ఒప్పుకుంటారా? మేం ఓసీ, ఈడబ్ల్యూఎస్ (ఆర్థికంగా వెనకబడిన ఓసీల కోటా) వస్తుందా?

రాజాం మాస్టారు
గ్యాప్‌తో పేచీ లేదమ్మా. లోకల్ లెక్క ఇంటర్ దగ్గర ఆగిపోతుంది, ఆ తర్వాత ఎన్నేళ్లు ఇంట్లో ఉన్నా అడగరు. డిగ్రీకి ఎంసెట్ అక్కర్లేదు, ఉన్నత విద్యామండలి ఆన్‌లైన్ అడ్మిషన్ల పోర్టల్‌లో రిజిస్టర్ అయ్యి ఆప్షన్లు పెట్టుకోవడమే. ఇంటర్ ప్రైవేటుగానో ఓపెన్ స్కూల్లోనో కట్టినవాళ్లయితే ఆ ఏళ్లకి స్టడీ సర్టిఫికెట్ ఉండదు, బదులుగా నివాస సర్టిఫికెట్ పెట్టాలి.

ఈడబ్ల్యూఎస్‌కి కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉండాలి. పెళ్లయినవాళ్లకి ఇక్కడే చిక్కు: కుటుంబం అంటే అమ్మానాన్నలూ, భర్తా, మైనర్ పిల్లలూ, మైనర్ తోబుట్టువులూ అందరూ. పుట్టింటి లెక్కా అత్తింటి లెక్కా రెండూ చూపించాలి. నిరుటి సర్టిఫికెట్ పనికిరాదు, ఏప్రిల్ తర్వాత తీసినది ఉండాలి.

బొబ్బిలి వీణ
ఈడబ్ల్యూఎస్ మాట వచ్చింది కాబట్టి: మన జిల్లాల్లో తూర్పు కాపులు బీసీ-డి. సర్టిఫికెట్‌లో ఉత్త "కాపు" అని పడితే ఓసీ కింద లెక్క. మా వీధిలో ఒకరికి అలాగే పడింది, కౌన్సెలింగ్ వారంలో పరుగులు పెట్టారు.

ఇంకోటి, విజయనగరంలో కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం ఉంది కదా, అక్కడ డిగ్రీకి సీయూఈటీ (కేంద్ర విశ్వవిద్యాలయాల ఉమ్మడి ప్రవేశ పరీక్ష) రాయాలి. పేరులో గిరిజన అని ఉంది కాబట్టి ఎస్టీలకే అనుకుంటారు, అందరూ చేరొచ్చు. కానీ బీసీలు అక్కడ మన మామూలు కుల సర్టిఫికెట్ పెడితే చెల్లదు. కేంద్రం నమూనాలో ఓబీసీ నాన్ క్రీమీలేయర్ సర్టిఫికెట్ విడిగా తీసుకోవాలి.

పాలిటెక్నిక్ బ్యాచ్
డిప్లొమా వాళ్లు ఎంసెట్ జోలికి పోనక్కర్లేదు, ఈసెట్ రాస్తే బీటెక్ రెండో ఏడాదిలో నేరుగా చేరొచ్చు. లోకల్‌కి 10వ తరగతి, డిప్లొమా మూడేళ్లు కలిపితే నాలుగు సరిపోతాయి.

ఎచ్చెర్ల సీనియర్
10 పాసైన తమ్ముళ్లు ఎవరైనా చదువుతుంటే ఆర్జీయూకేటీ (రాజీవ్ గాంధీ వర్సిటీ) ట్రిపుల్ ఐటీ మర్చిపోకండి. ఎంట్రన్స్ లేదు, 10 మార్కులే. రెసిడెన్షియల్ కాని సర్కారు బడుల్లో చదివినవాళ్లకి 4 శాతం కలుపుతారు. ప్రైవేటు బడి వాళ్లు అన్యాయం అంటారు. ఒకే టీచరు రెండు సబ్జెక్టులు చెప్పిన బడి నుంచి వచ్చినవాణ్ని, నాకైతే న్యాయంగానే అనిపిస్తుంది. నాలుగు క్యాంపస్‌లకీ ఒకే దరఖాస్తు.

మెంటాడ నాన్న
మా అమ్మాయికి కాలు ఇబ్బంది. సదరం సర్టిఫికెట్ ఉంది. వికలాంగుల కోటాకి విడిగా ఏం చేయాలి?

రాజాం మాస్టారు
సదరంలో వైకల్యం 40 శాతం, ఆపైన ఉండాలి. మామూలు కాగితాలు ఆన్‌లైన్‌లోనే చూస్తారు గానీ వికలాంగులు, ఎన్‌సీసీ, స్పోర్ట్స్, మాజీ సైనికుల పిల్లలు మాత్రం ఒరిజినల్స్‌తో విజయవాడ వెళ్లాలి. ఏ తేదీన ఎవరో నోటిఫికేషన్‌లో వేస్తారు, ఆ తేదీ దాటనివ్వకండి. రైలు టికెట్ ముందే చూసుకోండి, అమ్మాయికి లోయర్ బెర్త్ దొరికేట్టు.

సోంపేట మావయ్య
ఆఖరు ప్రశ్న. ప్రాసెసింగ్ ఫీజు మాకు 600 అని ఒకాయన అన్నాడు. అలాగే నిన్న ఒక ప్రైవేటు కాలేజీ తాలూకు మనిషి ఇంటికే వచ్చాడు. "ఒరిజినల్స్, హాల్‌టికెట్ నంబరు ఇచ్చేయండి, సీటు నేను చూసుకుంటా" అంటాడు. పిల్లాడికి ల్యాప్‌టాప్ ఇప్పిస్తాడట.

పాతపట్నం కుర్రాడు
600 ఎస్సీ, ఎస్టీలకి. బీసీ, ఓసీలకి 1200. ల్యాప్‌టాప్ మనిషికి కాఫీ ఇచ్చి పంపేయండి. హాల్‌టికెట్ నంబరు, పుట్టిన తేదీ, ఓటీపీ చేతికి చిక్కితే మీవాడి ఆప్షన్లన్నీ ఆ ఒక్క కాలేజీవే పెడతారు. కొందరైతే కన్వీనర్ సీటు (ప్రభుత్వ కౌన్సెలింగ్‌లో ఇచ్చేది) వచ్చే పిల్లాణ్ని మేనేజ్‌మెంట్ కోటాలో కూర్చోబెడతారు, దానికి ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. మీ సొంత ఫోన్ నంబరుతోనే రిజిస్టర్ చేయండి. కాలేజీల వరుస మాత్రం మేనల్లుణ్నే రాసుకోమనండి. లిస్టు ఇక్కడ పెడితే రాత్రికి అందరం చూస్తాం.