‘ఎక్సెప్షన్’ అంటే మినహాయింపేనా?

ప్రశ్న: పనుల ప్రణాళిక వేసే మైక్రోసాఫ్ట్ ప్రాజెక్ట్ సాఫ్ట్‌వేరు ఫైలులోంచి సిబ్బంది పనివేళలనూ, వారు రాని రోజులనూ వీబీఏ (మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్లలో వాడే ప్రోగ్రామింగ్ భాష) కోడుతో చదివి, తెలుగు శీర్షికలతో నివేదిక తయారుచేస్తున్నాను. అందులోని ‘ఎక్సెప్షన్స్’ను ‘సెలవులు’ అనవచ్చునా, ‘మినహాయింపులు’ అనాలా?

జవాబు: రెండూ సరిపోవని నా అభిప్రాయం. ‘మినహా’ అరబ్బీ మూలం నుంచి ఉర్దూ మీదుగా మనకు వచ్చిన మాట. లెక్కలోంచి తీసివేయడమనే అర్థాన్ని అది నేటికీ వదల్లేదు, ‘పన్ను మినహాయింపు’లో మనకు వినిపించేది ఆ తీసివేతే. ఈ సాఫ్ట్‌వేరులో ఎక్సెప్షన్ అంటే మామూలు వారపు పనివేళలకు భిన్నంగా నడిచే రోజు మాత్రమే. సంక్రాంతికి పని ఆపడమూ ఎక్సెప్షనే, ఆ లోటు పూడ్చడానికి రెండో శనివారం పని పెట్టడమూ ఎక్సెప్షనే. రెండోదానికి షిఫ్ట్1 నుంచి షిఫ్ట్5 వరకు ఉండే అరల్లో పనివేళలు నింపి ఉంటాయి; వాటిని చూడకుండా అన్నిటినీ సెలవులుగా లెక్కిస్తే పనిచేసే శనివారం కూడా సెలవు పద్దులో పడుతుంది. అందుచేత శీర్షికకు ‘మార్పు రోజులు’ అన్న మాట నాకు నచ్చుతుంది.

‘సెలవు’తో చిక్కు వేరు. ‘సెలవియ్యండి’ అన్నప్పుడు అనుమతినీ ఆజ్ఞనూ సూచించే ఈ మాటను, బడి మూసిన రోజుకూ, జ్వరమొచ్చి ఒకరు మానిన రోజుకూ మనం తేడా లేకుండా వాడతాం. సాఫ్ట్‌వేరు మాత్రం అందరికీ వర్తించేవాటిని మూల క్యాలెండరులోనూ, ఒక్కొక్కరివాటిని ఆ ఉద్యోగి సొంత క్యాలెండరులోనూ ఉంచుతుంది కాబట్టి, కోడు ఆ మూల క్యాలెండరును, అంటే ‘బేస్‌క్యాలెండర్’ను కూడా తెరిచి చదవాలి. మొదటివాటిని ‘సెలవు దినాలు’ అనీ, రెండోవాటిని ‘వ్యక్తిగత సెలవులు’ అనీ విడదీస్తే చదివేవారికి తికమక ఉండదు.

‘గైర్హాజరు’లో కాస్త నింద ధ్వనిస్తుంది. కూలిపనుల దగ్గర వినబడే ‘నాగా’ ఎంతో చక్కని మాట (‘నాగా లేకుండా వస్తాడు’ అనడం దానికి దక్కిన గౌరవం), కానీ అది జరిగిపోయిన దానికి చెల్లుతుంది. క్యాలెండరులో ఉండేది ముందుగా వేసుకున్న లెక్క, నిన్న చెప్పకుండా మానినవాడి సంగతి ఎవరో ఒకరు నమోదు చేస్తే తప్ప అందులో కనబడదు.

సగం రోజు పనికి కొత్త పదం వెతకనక్కరలేదు. సాఫ్ట్‌వేరులో మొదట అమర్చి ఉండే వేళలు ఉదయం 8 నుంచి 12 వరకు, మధ్యాహ్నం 1 నుంచి 5 వరకు. కోడు పనిని నిమిషాల్లో ఇస్తుంది గనుక రోజుకు 480 వస్తుంది. అందులో 240 మాత్రమే కనబడిన రోజును, ఒంటిపూట బడికి వెళ్లిన మనం ‘ఒంటిపూట పని’ అనకుండా ఇంకేమంటాం?