సమస్యాపూరణం: "పాడకున్నను పాటయే పల్లవించె"

లయప్రియ (నిర్వహణ)

మిత్రులకు నమస్కారం. ఈ వారం సమస్య ఒక తేటగీతి పద్యపాదం. ఇది చివరి పాదంగా వచ్చేలా మిగిలిన మూడు పాదాలు పూరించాలి:

పాడకున్నను పాటయే పల్లవించె

ఈసారి విషయం కూడా నేనే ఇస్తున్నాను. 1993లో లాస్ ఏంజెలిస్ నగరం నుంచి వచ్చిన 'ఇన్నర్‌సిటీ గ్రియోస్' అనే ర్యాప్ ఆల్బం గురించి పూరించాలి. బృందం పేరు ఫ్రీస్టైల్ ఫెలోషిప్. ఏసీఅలోన్, మైకా నైన్, పీస్, సెల్ఫ్ జూపిటర్ అనే నలుగురి గొంతులు అందులో వినిపిస్తాయి. పశ్చిమ ఆఫ్రికాలో రాజుల వంశచరిత్రలను కంఠస్థం చేసి సభల్లో వినిపించే వారిని గ్రియోలంటారు. ఈ నలుగురూ తమ నగరానికి తామే గ్రియోలమని చెప్పుకున్నారు.

ర్యాప్ మనకెందుకు అనేవారు ఒక్క క్షణం ఆగండి. ఈ బృందం పుట్టింది గుడ్ లైఫ్ కెఫేలో. దక్షిణ లాస్ ఏంజెలిస్‌లో ఆరోగ్యాహారం అమ్మే చిన్న కొట్టు అది. 1989 డిసెంబరు నుంచి బి. హాల్ అనే ఆవిడ, ఆమె కుమారుడు కలిసి ప్రతి గురువారం రాత్రి అక్కడ కుర్రవాళ్లకు మైకు అందించారు. వేదికపై బూతు మాట రాకూడదన్నది నియమం. కవిత్వంలో పస తగ్గితే సభ మొత్తం ఒక్క గొంతుతో "దయచేసి మైకు పక్కవారికివ్వండి" అనేది. అవధానంలో నిషిద్ధాక్షరి (వద్దన్న అక్షరాలను తప్పించుకుంటూ పద్యం చెప్పడం) చూసిన మనకు ఈ పద్ధతి కొత్త కాదు. అడ్డు పడిన చోట మాట ఎలా పదునెక్కుతుందో మనకు తెలుసు. ఈ ఆల్బం దక్కవలసిన చెవులకు దక్కలేదని నా బాధ. ఆశువు విలువ ఎరిగిన మీరైనా వినాలని నా కోరిక.

గోదారి గట్టు

లయప్రియ గారికి నమస్కారం. కెఫే నియమం చదివాక ఆగలేకపోయాను.

తిట్టు నోటికి రాకుండ గట్టి కట్టు
పెట్టె నొక తల్లి బిడ్డతో, పట్టె మైకు
కుర్రకారంత; రాగము కోరలేదు;
పాడకున్నను పాటయే పల్లవించె.

లయప్రియ

మొదటి రెండు పాదాల్లో ప్రాసయతి (యతిస్థానంలో మొదటి అక్షరానికి బదులు రెండో అక్షరాలు కలవడం) నాలుకకు ఎంతో హాయిగా ఉంది. తిట్టు, గట్టి, పెట్టె, పట్టె అంటూ ద్విత్వ టకారం డప్పు దరువులా పడుతోంది. ర్యాప్ గురించి రాసిన పద్యంలో అది అలా పడడం నాకు మరీ నచ్చింది. మూడో పాదంలో మాత్రం చిన్న వెలితి. రాగం కోరలేదన్నారు, మరి దాని చోటులోకి ఏది వచ్చింది? లేనిదాన్ని చెప్పి ఊరుకుంటే సమస్య సగమే విడుతుంది. "కుర్రకారంత, మాటల కూర్పు చాలె" అంటే యతి చెడదు, పాట ఎలా పల్లవించిందో కూడా తెలుస్తుంది.

గోదారి గట్టు

ధన్యవాదాలు. ఆ సవరణతోనే నా ప్రతిలో రాసుకున్నాను.

పద్యాభిమాని

వేణు వూదగ కృష్ణుండు వెన్నెలందు
గోపికలు మౌనముద్రలో కూరుచుండ
తరువు కొమ్మల చిగురులు తాళ మిడగ
పాడకున్నను పాటయే పల్లవించె.

అమ్మా, విషయం పక్కన పెట్టి రాశాను, మన్నించాలి. ర్యాప్‌ను ఆశుకవిత్వం పక్కన కూర్చోబెట్టడానికి నా మనసు ఒప్పుకోవడం లేదు. ఛందస్సు లేని చోట ఆశువుకు పరీక్ష ఏముంటుంది?

లయప్రియ

మాస్టారూ, ఛందస్సులో వంక పెట్టడానికి వీల్లేని పద్యం. చిగురులు తాళమిడడం, పాట పల్లవించడం ఒకదానికొకటి అమరాయి. కానీ ఇది ఏ వారం సమస్యకైనా సరిపోయే పూరణ. ఇచ్చిన విషయాన్ని తాకలేదు కనుక ఈ వారం లెక్కలోకి తీసుకోలేను.

మీ ప్రశ్న మాత్రం అసలైనది. ర్యాప్‌కు గణాలు లేవు, నిజమే. దానికి నాలుగు దెబ్బల తాళం ఉంది. ఆ దెబ్బ ఎవరి కోసమూ ఆగదు. అంత్యప్రాస ఒక్కటే చాలదు, పాదం మధ్యలోనూ ప్రాసలు పడాలి. గుడ్ లైఫ్ సభలో ముందు వారం చెప్పిందే మళ్లీ చెబితే ఎవరూ హర్షించరు. పరీక్ష లేకపోవడమన్నది ఉత్త మాట. ఇంకొక విషయం కూడా చెప్పాలి. ఈ ఆల్బంలో పాటలు ఎక్కువ భాగం ముందే కూర్చుకున్నవి. కానీ ఆ కూర్పులో వేదిక మీది ఆశువు వేడి తగ్గలేదు. వాక్యం ఎక్కడ మలుపు తిరుగుతుందో వినేవాడికి ముందుగా తెలియదు.

రాత్రి పాళీ

'పార్క్ బెంచ్ పీపుల్' అనే పాట విన్నాను. ఒకటికి రెండుసార్లు విన్నాను. లయప్రియ గారూ, సమస్యలో "పాడకున్నను" అన్నారు గాని ఈ పాటలో మైకా నైన్ నిజంగానే పాడాడు. రాగం ఉంది, గమకం లాంటి వంపులు కూడా ఉన్నాయి. అందుకని పాడనివారు ఎవరో వెతికాను.

ఇల్లు లేకుండ పార్కులో బల్లపైన
రాత్రి గడిపెడి వారల వ్రాత జూచి
వారి నోటికి బదులుగా పలికె నొకడు;
పాడకున్నను పాటయే పల్లవించె.

లయప్రియ

ఈ వారానికి ఇంతవరకు ఇదే నా మనసుకు హత్తుకున్న పూరణ. సమస్యలోని విరోధాన్ని మాటల గారడీతో తప్పించుకోలేదు. పాడనివారు ఒకరు, పాడినవాడు ఒకడు అని కర్తలను విడదీశారు. ఛందస్సు చూస్తే రెండో పాదంలో "రాత్రి"కి "వ్రాత" సంయుక్తాక్షర యతి. మూడో పాదంలో వకారానికి పకారం అభేదవర్గయతి. రెండూ సమ్మతమే.

ఆ పాట గురించి ఒక మాట. ట్రంపెట్ విద్వాంసుడు ఫ్రెడీ హబ్బర్డ్ 1970 నాటి 'రెడ్ క్లే' బాణీ మీద అది నడుస్తుంది. కింద బేస్ తంత్రి ఒకే వరుసను తిప్పి తిప్పి మోగిస్తుంటే, పైన గొంతు బల్ల మీద పడుకున్నవారి రోజును వివరిస్తుంది. జాలి కోసం గొంతు పెంచడు. పక్కన కూర్చుని చెబుతున్నట్టే ఉంటుంది. పదిహేనేళ్ల తర్వాత, 2008లో, హోసే జేమ్స్ అనే జాజ్ గాయకుడు దీన్ని తన ఆల్బంలో పాడుకున్నాడు. జాజ్ బాణీ మీద పుట్టిన ర్యాప్ పాట మళ్లీ జాజ్ గాయకుడి నోటికి చేరింది. అమ్మకాల పట్టికల్లో కనిపించని గౌరవం ఇది.

కొత్త కలం

పద్యం రాయడం ఇదే మొదలు. తప్పులుంటే చెప్పండి.

అమ్మకాలలో వెనుకను నుండెనేమి
వినిన చెవులెన్నొ కొన్నేండ్లు వెదకి వెదకి
దాచుకొనియెను, రేడియో తలచి దాని
పాడకున్నను పాటయే పల్లవించె.

గోదారి గట్టు

భావం అద్భుతం. "పాడకున్నను"కు రేడియోను కర్తగా పెట్టాలని మాకెవరికీ తట్టలేదు. మొదటి పాదంలో యతి తప్పింది. అకారానికి నాలుగో గణం మొదట "నుం" పడింది, కుదరదు. గణాలు సరిగానే ఉన్నాయి.

లయప్రియ

గోదారి గట్టు గారు చెప్పింది సరైనదే. పైగా "వెనుకను నుండె" అనడంలో నకారం అదనంగా చేరింది. ఇలా మార్చి చూడండి:

అమ్మకమ్ముల లెక్కలో నణగెనేమి

"లెక్కలోన్" తర్వాత "అణగె" కలిసింది కనుక అకారానికి అకారమే యతి. మిగతా మూడు పాదాలు ముట్టుకోవలసిన పని లేదు.

ఈ పద్యంలోని బాధ గురించి కూడా చెప్పాలి. ఈ ఆల్బం ఐలాండ్ సంస్థకు చెందిన ఫోర్త్ అండ్ బ్రాడ్‌వే లేబుల్ మీద వచ్చింది. దిక్కులేని ప్రచురణేమీ కాదు. కానీ దాని సమయం చూడండి. 1992 ఏప్రిల్‌లో లాస్ ఏంజెలిస్ అల్లర్లతో మండిపోయింది. అదే ఏడాది డిసెంబరులో డాక్టర్ డ్రే అనే ర్యాపర్ ఆల్బం 'ది క్రానిక్' వచ్చింది. ఆ తర్వాత పశ్చిమ తీరం ర్యాప్ అంటే ఆ మెత్తటి సింథసైజర్ నాదమే అని దేశమంతా స్థిరపడిపోయింది. 1993 నవంబరులో స్నూప్, వూ-టాంగ్ క్లాన్, ఎ ట్రైబ్ కాల్డ్ క్వెస్ట్ ఆల్బంలు వరుసగా వచ్చాయి. ఆ వరదలో ఈ నలుగురి మాట వినపడలేదు. తుపాకీ కథలు కోరినవారికి వీరు జాజ్ అనిపించారు. జాజ్ కోరినవారికి ర్యాప్ అనిపించారు. రెంటికీ చెందినవారని వినేవారు తక్కువయ్యారు.

సాగర తీరం

నేను కాలిఫోర్నియాలో ఉంటాను. ఈ ఆల్బం తర్వాత ఏం జరిగిందన్నది నా పూరణకు వస్తువు.

చెదరె జట్టంత; చెరలోన జిక్కె నొకడు;
తక్కుగలవారు తమ దారి దాము సాగ
కొత్త గొంతుల కొలిమియై కూడె సభలు;
పాడకున్నను పాటయే పల్లవించె.

లయప్రియ

చాలా బలమైన పద్యం. సెల్ఫ్ జూపిటర్ జైలుకు వెళ్లడం, ఆల్బం వచ్చిన ఏడాదే బృందం ఆగిపోవడం జరిగిన విషయాలే. దానికి తోడు నిలబడి ప్రచారం చేయవలసిన నలుగురు నాలుగు దిక్కులయ్యారు. "కొత్త గొంతుల కొలిమి" అన్న మాట నాకు అసూయ కలిగించింది.

ఒక అభ్యంతరం. మీ మూడో పాదం సూచిస్తున్న సభలు ప్రాజెక్ట్ బ్లోడ్ కదా! 1994లో లాస్ ఏంజెలిస్‌లోని లీమర్ట్ పార్క్ పేటలో, బెన్ కాల్డ్‌వెల్ నడిపే కేయాస్ నెట్‌వర్క్ అనే కళాకేంద్రంలో ఆ సభలు మొదలయ్యాయి. వాటికి ఆద్యుల్లో ఏసీఅలోన్ ఉన్నాడు. అతను పాడుతూనే ఉన్నాడు. 1995లో సొంత ఆల్బం కూడా తెచ్చాడు. కాబట్టి "పాడకున్నను" అన్నదాన్ని "జట్టుగా పాడకున్నా" అని అన్వయించుకోవాలి. పద్యం ఆ సాయం కొంచెమైనా చేస్తే బాగుండేది.

సాగర తీరం

అన్వయం విషయంలో మీతో ఏకీభవిస్తున్నాను. అయితే మొదటి పాదంలో "చెదరె జట్టంత" అని ఉంది కనుక పాడకపోవడం జట్టుకే చెందుతుందని నా వాదన. ఒక ముచ్చట. గుడ్ లైఫ్ వేదిక మీద పాడిన ఒక అమ్మాయి తర్వాత సినిమా దర్శకురాలైంది. ఆమె ఏవా డువెర్నే. 2008లో ఆ కెఫే గురించి 'దిస్ ఈజ్ ద లైఫ్' అనే డాక్యుమెంటరీ తీసింది. మైకు ముందు నిలబడినవాళ్లే కెమెరా ముందు కూర్చుని ఆ గురువారాలను తలుచుకుంటారు.

పద్యాభిమాని

లయప్రియ గారూ, మీ మాట మీద 'ఇన్నర్ సిటీ బౌండరీస్' విన్నాను. మాటలు సగం అర్థం కాలేదు. కానీ ఒకచోట మాట వదిలి ఉత్త స్వరాక్షరాలతో పరుగెత్తినప్పుడు తనివితీరా జతులు విన్నట్టుంది. ఆశువా కాదా అన్న చర్చకు మళ్లీ వస్తాను. ముందు మీ పూరణ వినాలి.

లయప్రియ

మీరు విన్నందుకే నాకు ఈ వారం పండగ, మాస్టారూ. ఇదిగో:

మాట యొక్కొక్కటొక వాద్యమై రహింప
నలుగురును తాళమును వీడి నడచి, మరల
తాకుచుండిరి సమమును తప్పకుండ;
పాడకున్నను పాటయే పల్లవించె.

నేను చెప్పదలచింది ఒక్కటే. వీళ్లు సాక్సఫోన్ వాయించినట్టు మాట్లాడారు. దరువు మీద మాటను పేర్చడం అప్పటికే చాలామందికి వచ్చు. దరువును కావాలని దాటిపోయి, ఊపిరి చివర సరిగ్గా సమం (తాళపు మొదటి దెబ్బ) మీద వాలడం ఈ నలుగురికి అలవాటు. 'హాట్ పొటేటో'లో ఒకరి చేతి నుంచి ఒకరు మైకు లాక్కున్నట్టు సాగే చోట్లు విని చూడండి.

పద్యాభిమాని

"మా"కు "మై" యతి ఎంతో సొగసుగా కుదిరింది. రెండో పాదంలో "నడచి, మరల" అని పాదం చివర ఆపి మూడో పాదంలోకి దాటించడం కావాలనే చేశారని గ్రహించాను. పద్యం కూడా పాదాన్ని దాటి వాలింది. ఒక సందేహం: "నలుగురును తాళమును" అని రెండు సముచ్చయాలు పక్కపక్కనే పడ్డాయి. మొదటిది అవసరమా?

లయప్రియ

రెండోది సముచ్చయం కాదు, ద్వితీయా విభక్తి. కానీ చెవికి రెండూ ఒకేలా తగులుతున్నాయన్నది నిజం. ఆ గణంలో ఇంతకన్నా మంచి మాట నాకు ఇంకా దొరకలేదు. ఎవరికైనా తడితే పంపండి, మారుస్తాను.

కొత్త కలం

వినడం ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పగలరా?

రాత్రి పాళీ

మొదట 'పార్క్ బెంచ్ పీపుల్'. అది ఎవరినైనా లోపలికి పిలుస్తుంది. తర్వాత స్టెట్ససోనిక్ బృందపు డాడీ-ఓ కూడా గొంతు కలిపిన 'ఇన్నర్ సిటీ బౌండరీస్'. ఏసీఅలోన్ ఒక్కడి పనితనం చూడాలంటే 'కార్న్‌బ్రెడ్'. 'హెవీవెయిట్స్'లో కెఫే మిత్రులంతా వరుసగా వస్తారు, దాన్ని చివరికి ఉంచుకోండి. నచ్చితే వెనక్కి వెళ్లి 1991 నాటి వారి తొలి ఆల్బం 'టు హూమ్ ఇట్ మే కన్సర్న్' వినండి. బృందం మళ్లీ కలిశాక 2001లో 'టెంప్టేషన్స్' కూడా తెచ్చింది.

లయప్రియ

పూరణలు ఆదివారం రాత్రి వరకు తీసుకుంటాను. కందంలో ఇమిడ్చి రాయగలవారు ఉంటే ఆ ప్రయత్నమూ చేయండి. పద్యాభిమాని గారూ, ఆశువు గురించి మీ అభ్యంతరం వివరంగా రాయండి, జవాబు చెప్పడానికి సిద్ధంగా ఉన్నాను.