రాజ్యాంగంలో ఆ ఒక్క వాక్యం ఉంటే ఏమిటి, లేకపోతే ఏమిటి?

ప్రశ్న (పాఠకురాలు):

డిగ్రీలో రాజనీతిశాస్త్రం చదువుతున్న మా అమ్మాయి నిన్న చెప్పిన విషయం నన్ను ఆశ్చర్యపరచింది. స్త్రీపురుషులకు సమాన హక్కులుంటాయన్న మాట అమెరికా రాజ్యాంగంలో నేటికీ స్పష్టంగా లేదట. అందుకోసం పెట్టిన సవరణకు కావలసిన 38 రాష్ట్రాల ఆమోదం 2020లోనే పూర్తయినా అది రాజ్యాంగంలో చేరలేదట. మన రాజ్యాంగంలోని 15వ అధికరణం లింగభేదాన్ని బట్టి రాజ్యం వివక్ష చూపరాదని 1950 నుంచీ చెబుతూనే ఉంది కదా, అక్కడ ఎందుకింత ఆలస్యమైంది?

ఇంకొక సందేహం కూడా ఉంది. మన దేశంలో ఆ వాక్యం ఉండగానే, 1974లో మా తాతగారు పొలాన్ని తనకూ మా ఇద్దరు మామయ్యలకూ మూడు భాగాలు చేసి పంచారు. మా అమ్మను ఎవరూ ఒక్క మాట అడగలేదు, అడగనక్కరలేదని ఊరిలో అందరూ అన్నారట. అలాంటప్పుడు రాజ్యాంగంలో ఆ వాక్యం ఉండి మా అమ్మకు ఒరిగినదేమిటి?

జవాబు 1 (చరిత్ర ఉపన్యాసకుడు):

మీ అమ్మాయి చెప్పినది నిజమేనండీ. 1920లో వచ్చిన 19వ సవరణ అక్కడి స్త్రీలకు ఇచ్చింది ఓటు హక్కు ఒక్కటే. ఆస్తి, ఉద్యోగం, జ్యూరీలో కూర్చొనే అర్హత వంటి విషయాల్లో రాష్ట్రాల చట్టాలు ఎక్కడివక్కడే ఉండిపోయాయని గ్రహించిన, ఓటు హక్కు ఉద్యమ నాయకురాలు ఆలిస్ పాల్ సమాన హక్కుల సవరణను రూపొందించగా, అది 1923 డిసెంబరులో కాంగ్రెసు (అమెరికా పార్లమెంటు) ముందుకు వచ్చింది.

దానిని మొదట గట్టిగా వ్యతిరేకించిన వారిలో ఫ్లోరెన్స్ కెల్లీ వంటి, శ్రామిక స్త్రీల కోసమే జీవితమంతా పనిచేసిన వారు ఉన్నారన్నది చాలామంది మరచిపోయే సంగతి. స్త్రీల చేత రోజుకు పది గంటలకు మించి పని చేయించరాదన్న ఒరెగాన్ రాష్ట్ర చట్టాన్ని 1908లో సుప్రీంకోర్టు సమర్థించింది. సమానత్వం పేరు చెప్పి యజమానులు అటువంటి రక్షణలను ఊడబెరుకుతారని వారు భయపడ్డారు. కూలి బతుకును దగ్గరగా చూసిన వారి భయం కనుక దానిని నేను తేలికగా కొట్టిపారేయలేను. కానీ ఆ తీర్పు నిలబడింది స్త్రీ శరీరం బలహీనమైనదన్న వాదన మీద. ఆ వాదనే స్త్రీలను కొన్ని రకాల పనుల నుంచి దూరంగా ఉంచడానికీ పనికివచ్చింది. ఈ పేచీ దశాబ్దాల పాటు తెగలేదు.

1970లో మార్తా గ్రిఫిత్స్ అనే సభ్యురాలు చొరవ తీసుకొని ఆ సవరణను కమిటీ చెర నుంచి సభలోకి తీసుకువచ్చారు. 1971 అక్టోబరులో ప్రతినిధుల సభ 354–24 ఓట్లతోనూ, 1972 మార్చి 22న సెనెట్ 84–8 ఓట్లతోనూ ఆమోదించాయి. రాష్ట్రాలకు ఏడేళ్ల గడువు ఇచ్చారు. తొలి రెండేళ్లలోనే 30 రాష్ట్రాలు ఒప్పుకొన్నాయి. అంతలో ఫిలిస్ ష్లాఫ్లీ నాయకత్వాన ఎదురు ఉద్యమం లేచింది. ఆడపిల్లలను సైన్యంలోకి బలవంతంగా తీసుకుంటారని, భర్త పోషించవలసిన బాధ్యత పోతుందని ఆమె చేసిన ప్రచారం గృహిణుల్లోకి బాగా వెళ్లింది. ఐదు రాష్ట్రాలు ఇచ్చిన ఆమోదాన్ని వెనక్కి తీసుకున్నాయి. గడువును 1982 జూన్ 30 వరకు పొడిగించినా లెక్క 35 దగ్గరే ఆగిపోయింది.

తరువాత 2017లో నెవాడా, 2018లో ఇల్లినాయ్, 2020లో వర్జీనియా ఆమోదించడంతో 38 పూర్తయ్యాయి. గడువు దాటాక ఇచ్చిన ఆమోదం చెల్లుతుందా, ఇచ్చిన ఆమోదాన్ని వెనక్కి తీసుకొనే అధికారం రాష్ట్రాలకు ఉందా అన్న రెండు ప్రశ్నల దగ్గర అంతా ఆగింది. 2025 జనవరిలో నాటి అధ్యక్షుడు జో బైడెన్ అది రాజ్యాంగంలో భాగమైనట్లే తాను భావిస్తున్నానని ప్రకటించారు గాని, అధికారికంగా ప్రచురించవలసిన జాతీయ ఆర్కైవ్స్ ఆ పని చేయలేదు.

జవాబు 2 (న్యాయ విద్యార్థిని):

పై జవాబులో చరిత్ర అంతా సరిగానే ఉంది. అయితే సవరణ ఆగిపోయిన కాలంలో సమానత్వం కూడా ఆగిపోయిందని ఎవరైనా అనుకుంటే అది పొరపాటని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఐడహో రాష్ట్రంలో శాలీ రీడ్ అనే ఆమె కొడుకు చనిపోయాడు. అతని కొద్దిపాటి ఆస్తి వ్యవహారాలు చూసే బాధ్యత తనకు ఇమ్మని ఆమె అడిగారు, విడిపోయిన భర్త కూడా అడిగాడు. ఇద్దరికీ సమాన అర్హత ఉన్నప్పుడు పురుషుడికే ఇవ్వాలని అక్కడి చట్టం. 1971లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని ఏకగ్రీవంగా కొట్టివేసింది. అందరికీ చట్టం సమాన రక్షణ ఇవ్వాలని చెప్పే 14వ సవరణ 1868 నుంచీ ఉన్నా, స్త్రీ పట్ల వివక్ష చూపిన ఒక చట్టాన్ని దాని కింద సుప్రీంకోర్టు కొట్టివేయడం అదే మొదటిసారి. ఆ కేసులో శాలీ రీడ్ తరఫు వాదన పత్రాన్ని రాసిన వారిలో, తరువాత అదే కోర్టుకు న్యాయమూర్తి అయిన రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ ముఖ్యులు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది 1973 నాటి ఫ్రాంటియరో కేసు. వైమానిక దళంలో లెఫ్టినెంటుగా ఉన్న ఒకామె తన భర్తకు కుటుంబ భత్యం అడిగారు. మగ అధికారి భార్యకైతే ఏ రుజువూ అక్కరలేదు. ఆమె మాత్రం తన భర్త సగానికి పైగా తన సంపాదన మీదే బతుకుతున్నాడని రుజువు చేయాలి. కేసు ఆమె గెలిచారు. కానీ లింగవివక్షను కూడా జాతివివక్ష అంత కఠినంగా పరీక్షించాలని చెప్పడానికి ఐదుగురు న్యాయమూర్తులు కావలసి ఉండగా నలుగురే ఒప్పుకొన్నారు. సవరణ రాష్ట్రాల ముందు ఉన్నది కాబట్టి కోర్టు తొందరపడరాదని జస్టిస్ పావెల్ రాశారు. సమానత్వం కోసం పెట్టిన సవరణే ఆగడానికి కారణంగా చూపబడింది, ఆ సవరణేమో రానే లేదు. 1976లో మరొక కేసులో, జాతివివక్షకు వాడే దానికన్నా తేలికైన మధ్యస్థమైన పరీక్ష ఒకటి స్థిరపడింది, నేటికీ అదే నడుస్తోంది. వాక్యం లేకపోవడం వల్ల పోయినది ఏమిటని అడిగితే నేను ఈ తేడానే చూపిస్తాను.

పాఠకురాలు:

ఇద్దరికీ కృతజ్ఞతలు. మరి వాక్యం ఉన్న మన దేశంలో మా అమ్మ సంగతి ఏమిటో ఎవరైనా చెప్పగలరా? తాతగారు తన భాగంగా ఉంచుకొన్న నాలుగెకరాలను చివరిదాకా తనే సాగు చేయించారు, 1983లో వీలునామా రాయకుండానే కాలం చేశారు.

జవాబు 3 (సివిల్ న్యాయవాది):

అమ్మా, మీరు చివరలో రాసిన వాక్యం చాలా ముఖ్యమైనది, దాని దగ్గరికి వస్తాను. మన రాజ్యాంగం రాజ్యాన్ని కట్టడి చేసింది గాని, మతాన్ని బట్టి నడిచే కుటుంబ చట్టాల గుమ్మం దగ్గర న్యాయస్థానాలు ఆగిపోయాయి. వ్యక్తిగత ధర్మశాస్త్రాలను ప్రాథమిక హక్కుల గీటురాయి మీద పరీక్షించనక్కరలేదని 1951లో బొంబాయి హైకోర్టు నరసు అప్పా మాలీ కేసులో తీర్పు చెప్పింది. అదే ఏడాది, హిందువుల కుటుంబ చట్టాలను సంస్కరించడానికి పెట్టిన హిందూ కోడ్ బిల్లును ముందుకు సాగనివ్వకపోవడాన్ని ప్రధాన కారణాల్లో ఒకటిగా చెప్పి అంబేద్కర్ మంత్రి పదవికి రాజీనామా చేశారు.

1956లో వచ్చిన హిందూ వారసత్వ చట్టం, మితాక్షర అనే హిందూ ధర్మశాస్త్ర పద్ధతి కిందికి వచ్చే ఉమ్మడి కుటుంబ ఆస్తిలో పుట్టుకతో వచ్చే హక్కును కొడుకులకే ఉంచింది. దాని లెక్క మన ప్రాంతంలో ఎలా ఉండేదంటే, తండ్రి, తల్లి, ఇద్దరు కొడుకులు, ఒక కూతురు ఉన్న ఇంట 12 ఎకరాల ఉమ్మడి భూమి పంపకం కాకుండా తండ్రి మరణిస్తే, ముందు తండ్రికీ కొడుకులకూ తలా నాలుగు ఎకరాలు లెక్కగట్టి, తండ్రి నాలుగు ఎకరాలనే నలుగురికి పంచేవారు. కొడుకుకు ఐదు, కూతురుకు ఒకటి. ఆ ఒక్క ఎకరాన్ని కూడా పసుపు కుంకుమలు ఇచ్చాము కదా అని వదిలించుకొన్న ఇళ్లు నాకు చాలా తెలుసు.

దీనిని మార్చడంలో మన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం ముందువరుసలో నిలిచింది. ఎన్.టి. రామారావు ప్రభుత్వం తెచ్చిన 1986 నాటి సవరణ కూతురుకు కొడుకుతో సమానంగా పుట్టుక హక్కు ఇచ్చి, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తింపజేసింది. అయితే అప్పటికే పెళ్లయిన కూతుళ్లను పక్కన పెట్టింది. ఆ కొరత 2005 సెప్టెంబరు 9న అమలులోకి వచ్చిన కేంద్ర సవరణతో తీరింది. ఆనాటికి తండ్రి బతికి ఉండాలా అన్న పేచీని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు, ఉండనక్కరలేదని తేల్చింది.

ఇవేవీ 1974 నాటి పంపకాన్ని తిరగదోడవు. ఆ రోజు చట్టం మీ అమ్మగారి పక్షాన లేదు. తాతగారి నాలుగు ఎకరాల సంగతి వేరు. పంపకం తరువాత ఆయన భాగానికి వచ్చిన భూమికి, ఆయన వీలునామా లేకుండా పోయారు కనుక, 1956 చట్టం ప్రకారమే కూతురు, కొడుకులు, అమ్మమ్మగారు జీవించి ఉంటే ఆమె కూడా సమాన వారసులు. ఎవరూ చెప్పకపోయినా 1983 నాడే మీ అమ్మగారికి ఆ హక్కు వచ్చింది. ఆ భూమి ఎవరి పేరున మారిందో అడంగల్ నకళ్లలో చూడండి, సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో ఈసీ (ఆ భూమి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం) తీయించండి, అమ్మగారి చేత ఎప్పుడైనా హక్కు వదులుకున్నట్లు సంతకం పెట్టించుకొన్నారేమో అడగండి. ఇంత కాలం గడిచింది కనుక కాలపరిమితి అడ్డు రావచ్చు, భూమి చేతులు మారి ఉంటే చిక్కు ఇంకా పెరుగుతుంది. ఆ కాగితాలు చేతికి వచ్చాక మీ దగ్గరలోని న్యాయవాదికి చూపించండి. మీ మామయ్యలతో మాట్లాడడం ఆ తరువాతే మంచిది.